ఎరుపు గుర్తు వేసిన ప్రసూతి గది

పగుళ్లు చూసే ఉద్యోగం

కట్టడాల తనిఖీ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లకి ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. మనం వచ్చామని సంతోషించేవాళ్లు ఎక్కడా ఉండరు. విశాఖపట్నం చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో, గోదాముల్లో, రేవు దగ్గరి పాత షెడ్లలో పగుళ్లూ తుప్పూ వంకరలూ చూస్తూ నా ఉద్యోగమంతా గడిచింది. నాకు టీ తెప్పించినవాళ్లలో చాలామంది నేను త్వరగా తాగి వెళ్లిపోవాలనే తెప్పించారు. ఇది ఫిర్యాదు కాదు. వాళ్ల స్థానంలో ఉంటే నేనూ అదే చేసేదాన్ని.

నేను పనిచేసింది ఒక చిన్న ప్రైవేటు తనిఖీ సంస్థలో. ఎప్పుడు ఏ హోదా వచ్చిందో, ఎన్ని రిపోర్టులు రాశానో ఇక్కడ చెప్పను. అవి నాకే సరిగ్గా గుర్తులేవు. నాకు పని నేర్పిన పైడిరాజుగారి గురించి మాత్రం చెప్పాలి. విజయనగరం పక్క పల్లెలో రైతు కుటుంబంలో పుట్టిన మనిషి. పెద్ద ఇంజినీరు అయ్యాక కూడా ఆయన మాట తీరు మారలేదు, మార్చుకోవాలని ఆయన చూడనూ లేదు.

చేరిన కొత్తలో రేవు దగ్గర ఒక సరుకుల షెడ్డు చూడటానికి నన్ను ఒక్కదాన్నే పంపారు. క్రేను నడిచే ఇనుప దూలానికి అతుకు పక్కన వెంట్రుకంత పగులు కనిపించింది. క్రేను ఆపమన్నాను. బయట లారీలు వరుసగా నిలబడి ఉన్నాయి. షెడ్డు యజమాని పైడిరాజుగారికి ఫోన్ చేసి, ఎవరో చిన్నపిల్లని పంపి తన వ్యాపారం ఆపించారని గొడవ పెట్టుకున్నాడు. పైడిరాజుగారు వచ్చారు, పైకి ఎక్కారు, చూశారు, దిగి వచ్చి నేను చెప్పిందే చెప్పారు. మరమ్మతు చేసేటప్పుడు ఆ ముక్క కోసి చూస్తే పగులు పైపైనే ఉంది. లోపల ఇనుము శుభ్రంగా ఉంది. యజమాని ఆ ముక్కని తెచ్చి నా ముందు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.

తిరిగి వస్తూ పైడిరాజుగారు టీ కొట్టు దగ్గర జీపు ఆపించారు. “ఏటమ్మా, మొకం అలగెట్టుకున్నావు?” అన్నారు. “అది పైపైనే ఉందని కోసేక తెలిసింది. కొయ్యకముందు నీకేటి తెలుసో దాని మీదే సెప్పాల. తర్వాత తెలిసిందాంతో ముందు సెప్పిందాన్ని కొలవకు.”

వినడానికి తేలికైన మాటే. దాన్ని పట్టుకుని నిలబడటం నాకు చాలాకాలం చేతకాలేదు. ఎవరైనా బాధగా మొహం పెడితే నా రిపోర్టులో వాక్యం మెత్తబడేది. “వెంటనే ఆపాలి” అని రాయాల్సిన చోట “ఆపడం మంచిది” అని రాసేదాన్ని. పైడిరాజుగారు ఆ వాక్యాలకి కింద గీత గీసి వెనక్కి పంపేవారు.

కొండల్లోకి

రిటైరయ్యాక వన్ టౌన్‌లో ఒక హోల్‌సేల్ కొట్టు మేడ మీద మాలాంటి వాళ్లం కలుసుకునేవాళ్లం. పాత ఇంజినీర్లు, ఫిట్టర్లు, ఒక డాక్టరు. తుపాను వచ్చి వెళ్లాక తీరం వెంట ఇళ్లు చూసి, ఏది ఉండటానికి పనికొస్తుందో చెప్పి రావడం మాకు అలవాటైంది. నేపాల్ కొండల్లో భూకంపం వచ్చినప్పుడు, మిగిలిన ఇళ్లు చూసి చెప్పగలవాళ్లు కావాలని అక్కడ పనిచేస్తున్న ఒక సేవాసంస్థ కబురు పెట్టింది. వెళ్లినవాళ్లకి రామమూర్తిగారు నాయకుడు. చీఫ్ ఇంజినీరుగా చేసి దిగిపోయిన మనిషి. గొంతు పెంచరు. ఒకసారి అన్న మాట వెనక్కి తీసుకోరు.

మాతో ఎల్లాజీ కూడా వచ్చాడు. జాలరిపేటలో పుట్టి, చేపల వేటకి పోకుండా రేవులో బరువులెత్తే పనికి వెళ్లినవాడు. తాళ్లు, కప్పీలు, దూలాలు అతని లోకం. నేను చూసిన షెడ్లలో చాలావాటికి నన్ను పైకెక్కించి దింపింది అతనే. బయల్దేరే ముందు వన్ టౌన్ సందుల్లో తిరిగి తాళ్లూ టార్పాలిన్లూ బేరమాడి కొన్నది కూడా అతనే.

రోడ్డు ఆగిపోయిన చోట దానంగా వచ్చిన బట్టలు గుట్టగా పడి ఉన్నాయి. జరీ చీరలు, సూట్లు, ఎత్తుమడమల చెప్పులు. వానకి తడిసి బూజు పట్టి, దాటి నడవాల్సిన అడ్డంగా మారాయి. ఎవరికి ఏం కావాలో అడగకుండా పంపితే ఇలాగే ఉంటుందని మాలో మేము అనుకుంటూ పైకి ఎక్కాం. మా వీపుల మీద రంగు డబ్బాలు ఉన్నాయి. అవి కావాలని కూడా ఆ ఊళ్లవాళ్లు అడగలేదు. ఆ సంగతి అప్పటికి నాకు తట్టలేదు.

మా పని చెప్పుకోవడానికి సులువు. ఇల్లు చుట్టూ తిరిగి చూసి, గుమ్మం పక్కన రంగు వేయాలి. పచ్చ అయితే ఉండొచ్చు. పసుపు అయితే సామాను తెచ్చుకోవచ్చు గాని పడుకోకూడదు. ఎరుపు అయితే గడప దాటకూడదు. భూమి ఇంకా రోజూ కొద్దికొద్దిగా కదులుతూనే ఉంది. గిన్నె కింద పడిన చప్పుడు విన్నా జనం లేచి నిలబడేవాళ్లు.

ఇలాంటి సేవకి వెళ్లేవాళ్లకి ఒక సలహా. మీరు సాయం చేయడానికి వచ్చారన్న సంగతి వీలైనంత త్వరగా మర్చిపోండి. అది గుర్తున్నంతసేపూ ఎదుటివాళ్ల నుంచి కృతజ్ఞత కోసం చూస్తాం, అది కనిపించకపోతే నొచ్చుకుంటాం. నేను ఎరుపు వేసిన ఇళ్లవాళ్లే మాకు మొక్కజొన్నలు వేయించి పెట్టారు. మర్యాద కొద్దీ పెట్టారు. మా మీద ప్రేమ ఉండాల్సిన అవసరం వాళ్లకి లేదు.

సుష్మ

ఆ ఊరి చివర ఆరోగ్య కేంద్రం ఉంది. రాయీ మట్టీ పేర్చి కట్టిన రెండు గదులు. ఒకటి పూర్తిగా కూలిపోయింది. రెండోది పురుళ్లు పోసే గది, అది నిలబడి ఉంది. అక్కడి నర్సు పేరు సుష్మ. ఆమె సొంత ఇల్లు కూలిపోయి, అత్తమామలతో టార్పాలిన్ కింద ఉంటోంది. అయినా ఆ గదిని మాత్రం ఊడ్చి, మంచం మీద కొత్త ప్లాస్టిక్ షీటు పరిచి, సామాన్లు ఉడకబెట్టి సిద్ధంగా పెట్టుకుంది.

నేను చుట్టూ తిరిగి చూశాను. వెనక గోడ మధ్యలో పొట్టలా ఉబ్బింది. మూల దగ్గర రెండు గోడలు విడిపోయి చెయ్యి దూరేంత సందు పడింది. పైకప్పు మోసే దూలం గోడ మీదనుంచి జారి, బొటనవేలంత అంచు మీద ఆని ఉంది. రాళ్ల మధ్య ఉన్నది మట్టే. వాన తగిలితే అది కరుగుతుంది. ఆలోచించడానికి ఏమీ లేదు. ఎరుపు అని చెప్పాను.

మేం హిందీలో మాట్లాడుకున్నాం. ఆమె వాదించలేదు. “పచ్చ వేయమని నేను అడగట్లేదు మేడమ్. ఏ రంగూ వేయకండి, అంతే. ఎర్ర రంగు చూస్తే ఎవరూ రారు. పొలాల్లో, బురదలో కంటారు. ఇక్కడ ఆడవాళ్లు చచ్చిపోయేది గోడలు పడి మాత్రమే కాదు.”

గోడ ఉబ్బు గురించి నాకు తెలుసు, ఆమె చెప్పిన దాని గురించి ఆమెకి తెలుసు. రెండూ నిజమే. బ్రష్ నా చేతిలో ఉంది. గుమ్మం పక్కన ఎరుపు వేశాను. సుష్మ చూస్తూ నిలబడి, నేను ముగించాక నా చేతులు కడుక్కోవడానికి నీళ్లు తెచ్చి పోసింది.

రామమూర్తిగారి దగ్గరికి వెళ్లి, ఇక్కడ ఆగి ఒక షెడ్డు వేసి వస్తానని చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. కింద లోయలో ఇంకా ఊళ్లు మా కోసం చూస్తున్నాయి. “షెడ్లు వేసేవాళ్లు వేరే వస్తారు వరలక్ష్మిగారూ. గోడ చూసి చెప్పగలిగేవాళ్లు ఈ చుట్టుపక్కల మనమే. మీరిక్కడ ఒక గది కడుతూ కూర్చుంటే, అక్కడ ఎవరో తెలియక పగిలిన ఇంట్లో పడుకుంటారు.”

“మనం రంగు వేసి వెళ్లిపోతే ఇక్కడ ఎవరో వానలో కంటారండీ” అన్నాను.

“అది మన పని కాదు.”

“రంగు వేసింది నేను.”

ఆయన లెక్కలో తప్పు లేదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. చివరికి, ఒక్కరే ఎలా చేస్తారని అడిగారు. పక్కన తాడు చుడుతున్న ఎల్లాజీ తలెత్తకుండానే నాతో అన్నాడు: “మీరుంటే నానూ ఉంతాను మేడమ్. ఒక్కరే ఏటి సేత్తారిక్కడ?” రామమూర్తిగారు మిగిలిన టార్పాలిన్లు మాకు వదిలి, తక్కినవాళ్లని తీసుకుని కిందికి దిగిపోయారు.

రేకులు

ఆరోగ్య కేంద్రానికి కింద, కొండవాలుని మెట్లుగా చెక్కిన పొలం ఒకటి ఉంది. పైగోడ పడినా రాళ్లు అక్కడిదాకా దొర్లవని చూసుకుని చోటు ఎంచుకున్నాం. కూలిన గదిలోంచి కర్రలూ పైకప్పు రేకులూ ఏరుకున్నాం. మొదట ఊళ్లోవాళ్లు దూరంనుంచి చూశారు. ఎల్లాజీ కర్రని కర్రకి కట్టే పద్ధతి చూశాక ఒకరిద్దరు వచ్చి చెయ్యి వేశారు. వాళ్లలో దిల్ బహదూర్ ఒకడు. అతని భార్య మాయకి నెలలు నిండుతున్నాయి. ఇది తన కోసమే అన్నట్టు పనిచేసేవాడు. ఎల్లాజీకి హిందీ అంతంతే, అతనికి తెలుగు సున్నా. ఇద్దరూ రోజంతా ఏదో మాట్లాడుకుంటూనే ఉండేవాళ్లు.

నాలుగు వైపులా కర్రలు లేచాయి. పైన అడ్డకర్రలు పడ్డాయి. రేకులు బిగించడానికి మేకులు కావాలి. అవి కిందనుంచి రావాలి. తేవడానికి వెళ్లినవాడు ఇంకా రాలేదు. ఆ మధ్యాహ్నం కొండ వెనకనుంచి మబ్బు లేచింది.

వాన మొదలవుతుండగా మాయని ఆమె మరిది వీపు మీద బుట్టలో కూర్చోబెట్టుకుని మోసుకొచ్చాడు. అనుకున్నదానికంటే ముందే నొప్పులు వచ్చాయి. అలవాటు కొద్దీ అందరూ ఆ గది ముందే ఆగారు. తలుపు తీసి ఉంది. లోపల నేల పొడిగా ఉంది. మంచం, ప్లాస్టిక్ షీటు, అన్నీ అమర్చినవి అమర్చినట్టే ఉన్నాయి. బయట వడగళ్లు మొదలయ్యాయి.

దిల్ బహదూర్ సుష్మని అడగలేదు. నా దగ్గరికి వచ్చాడు. “మేడమ్, ఈ ఒక్కసారికి లోపలికి తీసుకెళ్లనా?”

సుష్మ కూడా నావైపే చూస్తోంది. నేను వెనక గోడ దగ్గరికి వెళ్లి చూశాను. ఉబ్బు మీదనుంచి నీళ్లు జారుతున్నాయి. గోడ అడుగున బయటికి వస్తున్న నీళ్లు బురద రంగులో ఉన్నాయి. అంటే రాళ్ల మధ్య మట్టి కరిగి పోతోంది. నేను ఇంజినీరుని కాకపోతే ఆ గదిలోకి వెళ్లమనేదాన్నే. అంత పొడిగా, అంత దగ్గరగా ఉంది. వెనక్కి వచ్చి “వద్దు” అన్నాను.

ఆ మాట నోట్లోంచి వచ్చాక అది ఎంత చిన్నదో తెలిసింది. వద్దు, సరే. మరి ఎక్కడ? మాయ బుట్టలోనే వంగిపోయి మూలుగుతోంది. ఎల్లాజీ వైపు తిరిగాను.

“రేకులు తాడుతో కట్టగలమా ఎల్లాజీ?”

“కట్టే టైము లేదు మేడమ్. గాలికి రేకు ఎగిరిపోతాది, మనుసుల్ని కోసేత్తాది. పట్టుకుని నిలబడాల.”

“ఎంతసేపు?”

“పిల్ల పుట్టేదాకా.”

అతను అప్పటికే గోనెసంచులు చింపి మగవాళ్ల చేతుల్లో పెడుతున్నాడు. పొలంలో మేం లేపిన కర్రల పక్కన రాళ్లు పేర్చి వాటి మీద మనుషుల్ని నిలబెట్టాడు. ఒక్కొక్క రేకుకి ఇటొకరు, అటొకరు. గాలి వచ్చే వైపు టార్పాలిన్ అడ్డం పెట్టి, దాని అంచు మీద ఆడవాళ్లం కూర్చున్నాం. ఈలోగా సుష్మ ఎర్ర రంగు గుమ్మం దాటి లోపలికి వెళ్లిపోయింది. ఆమె వెనక ఎల్లాజీ వెళ్లాడు. నేను వద్దన్న గదిలోకి ఇద్దరూ నా కళ్లముందే వెళ్లారు. నేను ఆపలేదు. మంచం, సామాన్ల పెట్టె లేకుండా ఆమె ఏం చేయగలదు? వాళ్లు మంచం ఎత్తుకుని బయటికి వచ్చేదాకా నా చూపు దూలం అంచు మీదే ఉంది.

మంచం రేకుల కింద వేసి మాయని దాని మీద పడుకోబెట్టారు. ఆ తర్వాత జరిగింది నేను సరిగ్గా చూడలేదు. నా వీపు మంచం వైపు ఉంది, మొహం టార్పాలిన్ వైపు. రేకుల మీద వడగళ్ల మోతకి ఎవరి మాటా ఎవరికీ వినిపించలేదు. బిడ్డ ఏడుపు కూడా వినలేదు. పక్కనున్న ముసలామె నా భుజం తట్టి చూపిస్తే తిరిగి చూశాను. సుష్మ చేతుల్లో ఆడపిల్ల ఉంది. సుష్మ మొహంలో మాత్రం ఇంకా సంతోషం లేదు. మాయకి రక్తస్రావం ఆగడం లేదు. ఇంజక్షను చేసి, పొట్ట మీద రెండు చేతులతో అదిమిపట్టి అలాగే ఉండిపోయింది. వాన తగ్గుముఖం పట్టేసరికి రక్తం కూడా తగ్గింది. వెదురు కర్రలకి టార్పాలిన్ కట్టి, మాయని రోడ్డు దాకా మోసుకెళ్లి ఆసుపత్రికి పంపారు. తల్లీ బిడ్డా బతికారు.

మోసేవాళ్లు బయల్దేరే ముందు దిల్ బహదూర్ రేకు కింద పెట్టాడు. గోనెసంచి తెగి అతని అరచేతులు చీరుకుపోయాయి. అది అతను గమనించలేదు. ఆ గది వైపు చూశాడు. అది అలాగే నిలబడి ఉంది.

“గది పడలేదు మేడమ్” అన్నాడు. నిష్ఠూరంగా అనలేదు. ఉన్నమాట చెప్పినట్టు చెప్పాడు.

“పడలేదు” అన్నాను.

తర్వాత

మేకులు వచ్చాక రేకులు బిగించాం. ఒక పక్క గోడగా వెదురు తడికలు కట్టాం. సుష్మ తన సామాన్లు అందులో సర్దుకుంది. ఆ వానాకాలమంతా పురుళ్లు అక్కడే జరిగాయి.

నేనూ ఎల్లాజీ కిందికి దిగి మావాళ్లని కలిసేసరికి రెండు ఊళ్లు చూడకుండా మిగిలిపోయాయి. వాటిని ఇంకో బృందం తర్వాత చూసింది. ఆ మధ్యలో అక్కడ ఎవరికైనా ఏమైనా అయిందా అని అడిగాను. కచ్చితంగా చెప్పగలిగినవాళ్లు దొరకలేదు. రామమూర్తిగారు తిరుగు రైల్లో తనంతట తానే ఆ విషయం ఎత్తారు. “మీరు చేసింది తప్పనను, కాని మళ్లీ అదే పరిస్థితి వస్తే నేను కిందికే వెళ్తాను” అన్నారు. నేను మళ్లీ పైనే ఉండిపోతానని చెప్పాను. విశాఖ వచ్చేదాకా ఇద్దరం చీఫ్ ఇంజినీర్ల మీద, కాంట్రాక్టర్ల మీద జోకులు చెప్పుకున్నాం. ఇప్పటికీ మాట్లాడుకుంటాం. ఆ ఒక్క విషయంలో ఏకాభిప్రాయం కుదరలేదు, కుదరాల్సిన అవసరం కూడా నాకు కనిపించదు.

అచ్యుతాపురం ఫ్యాక్టరీల్లో తనిఖీ పని చేస్తున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. ఈ కథ విన్నవాళ్లలో తెలివైనవాళ్లు వెంటనే అడిగేది ఇది: గది పడలేదు కదా మేడమ్, మరి ఎరుపు తప్పే కదా? కాదు. ఆ గోడని ఇవాళ చూపించినా ఎరుపే వేస్తాను. జాలి పడి రంగు మార్చే తనిఖీదారుని మించిన ప్రమాదం ఏ భవనంలోనూ లేదు. అయితే రంగు వేసి వెళ్లిపోవడంతో పని అయిపోయిందని ఇన్నేళ్లూ అనుకున్నాను. ఫ్యాక్టరీల్లో అది సరిపోయేది. షెడ్డు ఆగితే యజమానికి ఇంకో షెడ్డు ఉండేది, లేకపోతే బీమా ఉండేది. ఆ ఊళ్లో ఆ గది తప్ప ఇంకోటి లేదు. కాబట్టి ఇప్పుడు పిల్లలకి చెప్పేది ఇంతే: వద్దని చెప్పే ముందు, ఇక్కడ కాకపోతే ఎక్కడ అని అడగండి. ప్రతిసారీ జవాబు దొరకదు. దొరక్కపోయినా వద్దనే చెప్పాల్సి వస్తుంది. కాని అడగకుండా చెప్పకండి.

కొంతకాలానికి సుష్మ ఫోన్ చేసింది. కొత్త ఆరోగ్య కేంద్రం కడుతున్నారట. రాళ్ల మధ్య సిమెంటు, మూలల్లో ఇనుము, అన్నీ పద్ధతిగా ఉన్నాయని చెప్పింది. అందుకోసం పాత గదిని తీసేశారు.

“ఇన్ని వానలకీ పడలేదని ఊళ్లో అందరూ మీ రంగు చూసి నవ్వుకునేవాళ్లు మేడమ్” అంది.

నవ్వుకోనివ్వమన్నాను. ఎలా కూల్చారని అడిగాను. లోపలికి వెళ్లి ముందు దూలాలు ఊడదీయమని కాంట్రాక్టరు చెప్పాడట. కూలి ఎక్కువ ఇస్తానని కూడా అన్నాడట.

“ఎవరూ వెళ్లలేదు. బయటినుంచే తాడు వేసి లాగారు” అంది సుష్మ. “అందరికంటే ముందు వద్దన్నది దిల్ బహదూర్.”